పింజ పడుకున్న వైపు

దూది ఏకే మిషను తిరుగుతున్నంతసేపూ ఆ కొట్లోకి మబ్బులు దిగివచ్చినట్టే ఉంటుంది. కిటికీలోంచి పడే ఎండలో దూదిపోగులు తేలుతూ, ఎక్కడ వాలాలో తోచనట్టు తారాడుతుంటాయి. లోపలికి అడుగుపెట్టిన వాళ్లకు ఆవలింత రాక మానదు. పరుపులు కుట్టే మేస్త్రికి మాత్రం అది అలవాటైపోయింది.

మేస్త్రికి ఒక విద్య తెలుసు. పాత పరుపు తెచ్చి ముందు పరిస్తే చాలు, అరచేత్తో ఒకసారి నిమిరి, "మీవారికి కుడి భుజం నొప్పి కదమ్మా? ఎడమ పక్కకే తిరిగి పడుకుంటున్నారు" అనేస్తాడు. దూది ఎక్కడ అణిగిందో, ఎక్కడ పొంగిందో అతని చేతికి తెలుస్తుంది. డాక్టరు దగ్గర దాచిన నొప్పి కూడా తన దగ్గర దాగదని గొప్పలు పోతుంటాడు. ఆ గొప్ప ఉత్తిది కాదు కూడా.

మేస్త్రి ఇంట్లో పింజ అనే కుక్క ఉంది. పిల్లగా ఉన్నప్పుడు ఎక్కణ్ణుంచో వచ్చి దూది కుప్పలో దూరి నిద్రపోయింది. తెల్లగా ఉండటంతో ఏది కుక్కో ఏది దూదో తెలియక, దాన్ని కూడా మిషనులో వేయబోయారు. ఆ పేరు అలా వచ్చింది. దారపు ఉండలు, చెప్పులు, చివరికి మేస్త్రి కొలతల టేపు కూడా నమిలి పారేసిన ఘనత దానిది.

ఈమధ్య అదంతా మానేసింది. బంతి విసిరితే చూసి ఊరుకుంటుంది. గట్టి బిస్కెట్టు పెడితే వాసన చూసి మొహం తిప్పుకుంటుంది. కొట్టుకొచ్చిన వాళ్లు "ఎంత బుద్ధిమంతురాలో!" అని మెచ్చుకునేవారు.

"వయసొచ్చింది కదండీ, పెద్దరికం వచ్చింది" అని మేస్త్రి పొంగిపోయేవాడు.

చదివే మీరు ఆ మెప్పును కాస్త గుర్తుపెట్టుకోండి. ఈ కథలో తప్పంతా అక్కడే ఉంది.

ఒకప్పుడు పింజకు టీకా వేయిస్తుంటే, పశువుల డాక్టరమ్మ దాని పళ్లు రోజూ తోమమని చెప్పింది. మేస్త్రి ఆ మాటను కొట్టుకు మోసుకొచ్చి అందరికీ చెప్పి నవ్వించాడు. "కుక్కకి పళ్లు తోమాలట! ఆనక అద్దం కూడా కొనిపెట్టాలేమో!" ఆ పూట కొట్లో నవ్వులే నవ్వులు.

తర్వాత వాసన మొదలైంది. మేస్త్రి భార్య ముక్కు మూసుకుని పింజకు మళ్లీ మళ్లీ స్నానం చేయించింది. ఒళ్లంతా సబ్బు పరిమళం, దగ్గరికొస్తే అదే కంపు. చివరికి అది పడుకునే మెత్తను వెనక గదిలోకి మార్చారు. అప్పటిదాకా పింజ చోటు కూతురు చిట్టి మంచం పక్కనే. చిట్టి మంచం అంచు మీంచి ఒక చెయ్యి కిందికి వేలాడేసి, పింజ తల మీద పెట్టుకుని నిద్రపోయేది. ఇప్పుడు కూడా నిద్రలో ఆ చెయ్యి అలాగే కిందికి జారి, గాలిలో ఏదో వెతుక్కునేది.

ఒకనాడు చిట్టి ఉండబట్టలేక వెనక గదికి వెళ్లి, పింజ మొహానికి బుగ్గ ఆనించి గట్టిగా వాటేసుకుంది. పింజ కుయ్యోమని అరిచి, మణికట్టు మీద పంటి గాటు పెట్టింది. గాయం పెద్దది కాదు, సూది మందు వేయించారు. కానీ తల్లి చిట్టిని దగ్గరికి లాక్కుంది.

"ఇవాళ చెయ్యి, రేపు మొహం. ఇంక దీన్ని ఇంట్లో ఉంచే మాటే లేదండీ" అంది.

ఊరి చివర గిడ్డంగి ఆయనకు కాపలా కుక్క కావాలట. మర్నాడు సాయంత్రం బండి తెచ్చి తీసుకుపోతానన్నాడు.

"అక్కడ బోలెడంత చోటుంది తల్లీ" అన్నాడు మేస్త్రి, కూతురి మొహం చూడలేక.

"చోటుంటే సరిపోతుందా నాన్నా? దాన్ని పట్టుకుని ఎవరు పడుకుంటారు?" అంది చిట్టి. ఆ పిల్ల అన్నం ముట్టలేదు.

మర్నాడు మధ్యాహ్నం, పంపించేటప్పుడు మంచి పడకైనా ఇచ్చి పంపుదామని, మేస్త్రి పింజ మెత్తను ఒళ్లో పెట్టుకుని కుట్లు విప్పాడు. దూదిలోకి చెయ్యి పోనిచ్చాడు. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

పింజ తల ఆనించే చోట, కుడి చెంప కింద దూది అణిగి, చొంగకు తడిసి అట్టకట్టింది. ఆ చొంగ మరకల్లో ఎండిన నెత్తురు చారలున్నాయి. ఎడమ చెంప ఆనవలసిన చోట దూది కుట్టిన నాటిలాగే పొంగి ఉంది. ఎన్నాళ్లుగానో ఆ కుక్క ఎడమ చెంప ఆనించి పడుకోలేదు. చిట్టి బుగ్గ ఆనించింది ఆ చెంపకే.

ఊరందరి నొప్పులూ చదివిన చెయ్యి తన ఇంటి పరుపును ఒక్కసారైనా నిమరలేదు. మేస్త్రికి సిగ్గేసింది. పింజను దగ్గరికి పిలిచి, ఎడమ పెదవిని మెల్లగా పైకెత్తాడు. పళ్ల మీద గోధుమరంగు గార పెచ్చులు కట్టి ఉంది. చిగురు వాచి ఎర్రగా ఉంది. పింజ వణికింది కానీ కరవలేదు, అతని కళ్లలోకే చూస్తూ ఉండిపోయింది.

"ఇలా రా ఒకసారి. ఇది కరిచింది పొగరుతో కాదు" అని భార్యను పిలిచాడు.

ఆవిడ చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో నా తల్లీ! కంపు నోట్లో పెట్టుకుని నువ్వు ఏడుస్తుంటే, నేను నీ వీపు తోమానా!"

గిడ్డంగి బండి వట్టిగానే తిరిగి వెళ్లింది.

డాక్టరమ్మ పింజ నోరంతా పరీక్షించింది. గార చిగుళ్ల కిందికి దిగిందనీ, ఒక పన్ను వేరు దగ్గర చీము పట్టిందనీ, మత్తు ఇచ్చి శుభ్రం చేసి ఆ పన్ను తీసేయాలనీ చెప్పింది.

"మత్తా? ఈ వయసులో లేవకపోతేనో?" అంది మేస్త్రి భార్య.

"ముందు రక్తం, గుండె చూసే ఇస్తామమ్మా. పనయ్యేదాకా ఊపిరి చూస్తూ మనిషి పక్కనే ఉంటారు. మత్తు లేకుండా గీకితే పైన తెల్లబడుతుంది, లోపల జబ్బు లోపలే ఉంటుంది."

మందు ఎక్కుతుంటే మేస్త్రి అరచేతిలో పింజ తల కొద్దికొద్దిగా బరువెక్కింది. తర్వాత అతను బయట బల్ల మీద కూర్చున్నాడు. తలుపు వెనక పళ్లు శుభ్రం చేసే యంత్రం సన్నగా గుయ్యిమంటోంది, అచ్చం తన మిషనులాగే. కళ్లు మూతలు పడ్డాయి. ఊరంతా దూది కురుస్తున్నట్టు, అందరూ నొప్పిలేని వైపుకే ఒత్తిగిలి నిద్రపోతున్నట్టు, వాళ్ల మధ్య పింజ తన పడక కోసం వెతుక్కుంటున్నట్టు కల వచ్చింది. కలలో అతను పిలవబోయాడు గానీ గొంతు పెగల్లేదు.

డాక్టరమ్మ భుజం తట్టి లేపింది. "లేచిందండీ. తోక కూడా ఊపింది."

మేస్త్రి కళ్లు తుడుచుకున్నాడు. "పెద్దరికం వచ్చిందనుకున్నానమ్మా. అది బాధ అని నాకు తట్టలేదు."

"చాలామంది అలాగే అనుకుంటారు. కంపు కొడితే వయసంటారు, కసిరితే పొగరంటారు, ఊరుకుంటే బుద్ధంటారు. నోరు తెరిచి చూసేవాళ్లు తక్కువ. ఇక మీదట ఏటా ఒకసారి చూపించండి. చిగురు మానాక రోజూ తోమండి. మన పేస్టు వాడకండి, వీటికి వేరే ఉంటుంది" అందామె.

కొన్నాళ్లకు కొట్టు ముందు చిన్న బ్రష్షుతో పింజ పళ్లు తోముతున్న మేస్త్రిని చూసి ఎవరో నవ్వారు. "అద్దం కొన్నారా మేస్త్రీ?"

"కొనలేదండీ. ముందు నేను చూడటం నేర్చుకుంటున్నా" అన్నాడతను.

ఆ మధ్యాహ్నం చిట్టి మంచం పక్కన కొత్త మెత్త పరిచారు. పింజ దాని చుట్టూ తిరిగి తిరిగి, చివరికి ఎడమ చెంప ఆనించి పడుకుంది. మంచం మీంచి చిన్న చెయ్యి ఒకటి జారి, దాని తల మీద వాలింది. కుక్క అయినా, మనిషి అయినా, మన ఇంట్లో ఎవరైనా ఉన్నట్టుండి మరీ నెమ్మదస్తులైపోతే, మెచ్చుకునే ముందు వాళ్లకు ఎక్కడ నొప్పిగా ఉందో అడిగి, దగ్గరికెళ్లి చూడాలి.