పారిపొమ్మన్న మాట

సంచి అడుగున ఎండు అంజూరాలు. వాటి మీద ఉన్ని దుప్పటి. దుప్పటి మడతల్లో లేఖనాల పుస్తకం.

అంజూరాల వాసన... గది నిండా.

మిగ్గిన్ నా తమ్ముడు. నుమీదియా కొండల కింద మా ఊరి క్రైస్తవ సంఘానికి లేఖనాలు చదివేవాడు. చదివేవాడి ఇంట్లోనే పుస్తకం ఉండాలి, అది మా ఆచారం. వాడి పక్కన కూర్చుని నేనూ అక్షరాలు కూడబలుక్కున్నాను.

రోమా చక్రవర్తి ఆజ్ఞ వచ్చింది. పుస్తకాలు అప్పగించాలి — కాల్చేస్తారు. ఇవ్వనివాళ్ళకు చావు.

ఇవ్వను, ఇక్కడే చస్తాను, అన్నాడు మిగ్గిన్.

"తోడేలు వస్తే పారిపోయేవాడు కూలివాడట అక్కా, కాపరి కాదట. చదవలేదా?"

"చదివాను. ఒక ఊళ్ళో తరిమితే ఇంకో ఊరికి పారిపొమ్మన్నదీ ఆ ప్రభువే. ఆ ముక్క నీ కంటికి ఆనదేం రా?"

"అది ఆనాటి శిష్యులకి."

"తోడేలు మాట మాత్రం నీకోసం చెప్పాడా? ఏం గొప్పోడివిరా!"

నవ్వాడు.

వాడు నవ్వితే ఒప్పుకున్నట్టే. సంచి మూతి బిగించాను.

తెల్లారేసరికి వాడు కొండదారిలో ఒక చుక్క. తర్వాత చుక్క కూడా లేదు.

పొద్దెక్కాక సైనికులు వచ్చారు. ఇంట్లో ఇంకో పుస్తకం ఉంది — మా నాన్నది, గాడిదల రోగాలకు మందులు. అదే చేతిలో పెట్టాను.

"ఇదేనా అవ్వా, మీ దేవుడి పుస్తకం?"

"చదివి చూసుకో నాయనా."

"మంటలో వేసేదానికి చదువొకటా!"

సంతలో బాకాలు ఊది మరీ కాల్చారు, గాడిద కడుపునొప్పి మందుని.

మావాళ్ళు కొందరు నా ముఖాన ఉమ్మారు, అప్పగించినదాన్నని. తుడుచుకున్నాను. నిజం చెబితే వాడి కోసం వెతుకుతారు.

ఏళ్ళు... తలుపు చప్పుడైతే చాలు, చేతిలో పిండి చేతిలోనే.

హింస ఆగింది. ఉప్పు సరస్సుల అవతలి ఊరి నుంచి ఒకామె వచ్చింది, భుజాన ఆ సంచితో.

"మాకు రోజూ చదివేవాడమ్మా, మీ తమ్ముడు. జ్వరమొచ్చి మంచం మీదే పోయాడు. ఎవరూ తరమలేదు."

మంచం మీద.

హమ్మయ్య అనుకున్నాను. ఏడుపు తర్వాత వచ్చింది.

పుస్తకం తెరిచాను. తోడేలు మాట పక్కన వాడి వేలి నూనె మరక. పారిపొమ్మన్న మాట పక్కనా మరక. ఏది ఎక్కువ నలిగిందో — నా కళ్ళకు తెలియలేదు.

సంఘం ముందు పెట్టి, జరిగింది చెప్పాను. ఉమ్మినవాళ్ళు తలలు వంచుకుని విన్నారు.

సంచి అడుగున అంజూరాల వాసన, ఇంకా.

మిగ్గిన్ తిరిగి రాలేదు. హింస ఆగడానికి ముందటి ఏడు, ఆలివ్ కాయలు దులిపే నెలలో పోయాడు.