బ్రేకు పైపుకు కట్టిన దారం

యూనివర్సిటీ పరీక్షల విభాగంలో సూపరింటెండెంట్ రంగనాథ్‌కు తన ఫియట్ కారంటే ప్రాణం. కూతురు లావణ్య లైసెన్సు తెచ్చుకున్నా, తాళం ఇవ్వడానికి ఏడాది తాత్సారం చేశాడు. ఇచ్చిందీ షరతు మీదే: "నీ చేతిలో బండికేమన్నా అయిందో, మళ్లీ స్టీరింగు ముట్టుకోవద్దు." ఎమ్మెస్సీ చదువుతూ ఆ పిల్ల సాయంత్రాలు అంబర్‌పేట్‌లో ట్యూషన్లు చెబుతుంది. చీకటి పడ్డాక బస్సులో రానివ్వడు కనుక, తాళం పోతే ట్యూషన్లూ పోతాయి.

దసరా వెళ్లి నెల తిరక్కుండానే తార్నాక చౌరస్తాలో బ్రేకు పెడల్ నేలకంటిపోయింది. లావణ్య గేరు తగ్గించి, హ్యాండ్‌బ్రేకు లాగి, డివైడరుకు జానెడు దూరంలో కారు ఆపింది. కబురందగానే రంగనాథ్, పక్క క్వార్టర్‌లో ఉండే సుందరరావు స్కూటరు వెనక ఎక్కి వచ్చాడు. బిడ్డ ఇంకా హ్యాండ్‌బ్రేకు వదల్లేదు. ఆయన మొదట బంపరు చూశాడు.

"నేను చెప్తానే ఉంటి కదా! ఎవరి నిర్లక్ష్యంతో చెడిందో వాళ్లు ఈ జన్మలో స్టీరింగు ముట్టుకోగూడదు. అంతే!" అని నలుగురూ వినేలా తీర్పు చెప్పేశాడు. కోర్టులోనైనా సాక్షుల్ని విన్నాకే తీర్పిస్తారు. ఆయనకంత ఓపిక లేదు.

చౌరస్తా పక్క షెడ్డు నుంచి వచ్చిన మెకానిక్ సమ్మయ్య ముందు చక్రం విప్పి రబ్బరు బ్రేకు పైపు చూపించాడు. దాన్నెవరో పక్కనున్న ఇనుప కడ్డీకి పసుపుదారంతో బిగించి కట్టారు.

"చక్రం తిరిగితే పైపు కూడ తిరగాలె సార్. గిట్ల కట్టేస్తే గుంజుకపోయి పగులుతది. బ్రేక్ ఆయిలంత కారిపోయింది. ఎవరు కట్టిన్రు?"

ఆ ముడి రంగనాథ్ గుర్తుపట్టాడు. ఆయుధపూజ నాడు లోకమంతా స్టీరింగుకు దారం కడితే, ప్రాణాలు కాపాడేది బ్రేకు పైపు కదా అని మహా తెలివిగా దానికి కట్టింది ఆయనే. ఊగకుండా కడ్డీకి కలిపి ముడేసిందీ ఆయనే. పక్కన టార్చిలైటు పట్టుకుంది లావణ్య.

సుందరరావు మెడ ముందుకు చాచాడు. లావణ్య తండ్రి ముఖం చూసింది.

"నేనే కట్టిన. తెల్వక," అంది.

కాదందామని రంగనాథ్ నోరు తెరిచాడు. సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. అయినా నోట్లోంచి వచ్చిన మాట వేరు.

"పోనీలే, చిన్నపిల్ల. ఈసారికి క్షమించిన."

"మీది పెద్ద మనసండీ," అన్నాడు సుందరరావు.

కొత్త పైపు వేశాక రంగనాథ్ తాళం కూతురి చేతిలో పెట్టాడు. ఆమె దెప్పలేదు, కనీసం మూతి ముడవలేదు.

"ఎక్కు నాన్నా, మెల్లగ పోత," అంది.

రంగనాథ్ వెనక సీట్లో కూర్చున్నాడు. అద్దంలో బిడ్డ కళ్లు కనిపిస్తాయేమోనన్న భయంతో, క్యాంపస్ చేరేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ ఉండిపోయాడు.