బేస్ కంట్రోలర్ ముందు చిన్నపొన్ను

కోడ్ సరిగ్గా పనిచేస్తుందా అని చూడటానికి రంజని రాసిన టెస్టును టీమ్ లీడ్ గురుప్రసాద్ మూడోసారి తిప్పి పంపాడు. కింద ఒకే వాక్యం: ప్రైవేట్ మెథడ్‌ను టెస్ట్ చెయ్యకూడదు.

నాలుగు గంటలకు రిలీజ్. ఒక ఆస్పత్రి పారిశుద్ధ్య కార్మికులు రేపటి నుంచి ఆ యాప్‌లోనే హాజరు వేసుకోవాలి. అన్ని పేజీలకూ ఆధారమైన బేస్ కంట్రోలర్‌లో, బయటి నుంచి ఎవరూ పిలవలేని చిన్న కోడ్ ముక్క, ఆ ప్రైవేట్ మెథడ్, ఉంది. అది వచ్చినవాళ్ల పేరును రెండు ముక్కలు చేస్తుంది. రెండో ముక్క లేకపోతే బయటివాళ్లే అని తేల్చి లాగిన్ పేజీకి పంపేస్తుంది. కోడ్ చదివితే రంజనికి అలాగే తోచింది. ఉన్న టెస్టులన్నీ మాత్రం పాసై పచ్చగానే ఉన్నాయి. వాటిలో అందరికీ రెండేసి పేర్లు.

ఆమె గురుప్రసాద్ సీటు దగ్గరికి వెళ్లింది.

“ఏం మా, మళ్లా అదేనా? తాళం పగలగొట్టి ఇంట్లో దూరి, ఆడ పొయ్యి వెలుగుతా ఉందా అని చూస్తావా? రేపు లోపల ఏదన్నా మారిస్తే నీ టెస్టు చచ్చిపోతాది.”

“పొయ్యి వెలగలేదనే గదా చెప్తా ఉండేది, గురు.”

“తోచిందంటే చాలదు. పేజీ అడిగి, వచ్చిన జవాబు చూపించు. మూడున్నర లోపల చూపిస్తే రిలీజ్ ఆపేస్తా.”

పక్క సీట్లో ఆంటో నవ్వాడు. “మన వ్యాసర్పాడి వాళ్లకి గోడ దూకేదే అలవాటు పా!”

రంజనికి, తను పెరిగిన కూలీల పేట మీద ఆంటో వేసిన ఎగతాళి కన్నా గురుప్రసాద్ మాటే ఎక్కువ గుచ్చుకుంది, అందులో నిజం ఉంది గనుక. ఆ మెథడ్‌నే పట్టుకోవాలని ఎందుకంత పట్టు? తప్పును వేలెత్తి చూపి, కనిపెట్టింది నేనే అనిపించుకోవాలనా? ఆ కోరిక ఉంది. ఉంటే ఉండనీ అనుకుంది. పని మాత్రం ఆగకూడదు.

ఈసారి ఆ మెథడ్ జోలికి పోకుండా, టెస్టుల ఫోల్డర్‌లో బేస్ కంట్రోలర్ నుంచి పుట్టిన ఉత్తుత్తి కంట్రోలర్ ఒకటి రాసింది. దానికి ఒకటే పేజీ. ఆ పేజీ అడగడానికి ఒక మనిషిని కల్పించింది: చిన్నపొన్ను. ఇనిషియల్ వేరే గడిలో ఉంటుంది. ఇంటిపేరు ఈ తమిళ ఊళ్లో చాలామందికి లేనట్టే ఆమెకూ లేదు.

టెస్టు ఎర్రబడింది. బేస్ కంట్రోలర్ చిన్నపొన్నును లాగిన్ పేజీకి తరిమేసింది.

మూడూ ఇరవైకి గురుప్రసాద్ వచ్చి వంగి చూశాడు. “ఆమెకి ఇంకో పేరు చేర్చు.” చేర్చింది. పచ్చ. తీసేసింది. ఎరుపు.

“నేనే రాసినా మా అది,” అన్నాడు మెల్లగా. ఆస్పత్రికి ఫోన్ చేసి ఈ రోజు రిలీజ్ లేదన్నాడు. “నువ్వే సరిచెయ్. టెస్టు ఈడనే ఉండనీ.”

రంజని కార్మికుల జాబితా తెరిచి ఒంటిపేర్లు వెతికింది. నూట పదకొండు. ఒక్కొక్కటే టెస్టులో చేర్చడం మొదలుపెట్టింది.