తోకాయన చూడని చేప

నలుగురు మనుషుల బరువున్న చేప. దాని తోక దగ్గర చిన్న ముక్క కోసి, వేళ్ల మధ్య నలిపి, కిటికీ వెలుతురులో పెట్టి చూశాడు తోకాయన. చేపల వేలంశాలలో ముప్పయ్యొక్క ఏళ్లుగా ఆయన పని అదే. తోకముక్క చూసి ఏ బ్లూఫిన్ ట్యూనా మేలురకమో చెప్పాలి. అసలు పేరు పెళ్లాం కూడా మరిచిపోయిందని అందరూ ఆటపట్టిస్తారు.

ఆ చేప ఒళ్లు ఆయనకు కంఠతా వచ్చు. ముదురు నీలం వీపు, వెండిలా మెరిసే పొట్ట, తోకవైపు వరసగా చిట్టి పసుపు రెక్కలు. వీపు మీది పెద్ద రెక్క చాకులా మడతపడి ఒంట్లోని గాడిలో దాక్కుంటుంది. గడ్డకట్టే నీళ్లలో తిరిగినా దాని ఒళ్లు వెచ్చగా ఉంటుందట. మహాసముద్రాలు దాటేస్తుందట. ఈత ఆపితే ఊపిరాడదట. ఇవన్నీ విన్నవే. ఆయన చేతికొచ్చేసరికి అది మంచుముద్ద. అయినా కోసేముందు పొట్ట మీద అరచెయ్యి ఆన్చి చూస్తాడు, కాస్త వెచ్చదనం మిగిలిందేమోనని.

బతికున్నదాన్ని ఒక్కసారి చూడాలని ఆయన ప్రాణం కొట్టుకుపోయేది. పడవెక్కితే మాత్రం పేగులు నోట్లోకొచ్చేవి. మూడుసార్లు రేవు దాటకుండానే దించేశారు.

ఆ ఉదయం బావమరిది వచ్చాడు. పడవ అతనిదే.

"బావా, గుంపు దగ్గరికొచ్చింది. నాలుగింటికి బయల్దేరుతున్నాం. వస్తావా?"

"వస్తాన్రా."

"కక్కితే?"

"కక్కుతూనే చూస్తాను."

బావమరిది పగలబడి నవ్వి, మాత్రల షీటు చేతిలో పెట్టాడు. "అక్క పంపింది. అరగంట ముందు ఒకటి వేసుకో. ఒంట్లో బాగానే ఉందిగా?"

"రాయిలా ఉన్నాను."

పొద్దుట్నుంచీ ఎడమ రెక్క లాగుతోంది. గుండె మీద ఎవరో కూర్చున్నట్టుంది. చెబితే పడవెక్కనిస్తారా? మిగిలిన ఏడు చేపల మీదా చెయ్యి ఆన్చాడు, ఏడింటినీ చూశాడు. కత్తి కడిగి, సముద్రం కనబడే తలుపు దగ్గర ఖాళీ పెట్టె మీద కూర్చున్నాడు.

నాలుగింటికి బావమరిది వచ్చి భుజం తట్టాడు. "లే బావా, వేళైంది."

తోకాయన కళ్లు సముద్రం మీదే ఉన్నాయి. ఊపిరి లేదు. చెయ్యి పట్టుకుంటే ఇంకా వెచ్చగానే ఉంది. బావమరిది దాన్ని వదల్లేక అక్కడే నేలమీద కూలబడి ఏడ్చాడు. ఆ రోజు పడవ కదల్లేదు.

సాయంత్రం బావమరిది ఆయన ఏప్రన్ మడతపెడుతుంటే జేబులోంచి మాత్రల షీటు జారిపడింది. పదింటిలో ఒకటి లేదు.