మూడు రోజుల పొగ

నేను జంగ్లాత్‌లో, అంటే అడవి శాఖలో, గార్డుని. తిర్యాణి వెనక గుట్ట మీద మొండయ్య గూడెంవాళ్లు ఏటా ఎండాకాలం పోడు కోసం చెట్లు కొట్టి కాలుస్తారు. పొగ లేస్తుంది. నేను చూడనట్టే ఉంటాను. రేంజరుకు తెలిస్తే గొడ్డళ్లు గుంజుకుని మనుషుల్ని జైల్లో వేయిస్తాడు. గూడెం పెద్ద మొండయ్య నాకు ఏటా ఒక కోడినిస్తాడు, నేను వద్దనను. కానీ కోడి కోసమే చేశానని ఎవరన్నా అంటే నాకు మండుతుంది.

అరవై ఒకటి ఏప్రిల్‌లో, మబ్బు పట్టిన రోజున, గుట్టల కొలతలు తీసే చిన్న విమానం ఒకటి ఇటు వచ్చి తిరిగి పోలేదు. అందులో ఇద్దరున్నారు. మరునాడు ఠాణా ఎస్సై అమీన్‌సాబ్ పోలీసు జీపులో మా చౌకీకి వచ్చాడు.

"గులాం నబీ, గుట్టల్ల పొగ గిట్ట ఏమన్న కనబడ్డదా?"

మొండయ్య గుట్ట మీద పొద్దుటి నుంచి సన్నగా పొగ లేస్తూనే ఉంది. జీపు వెనక సీట్లో మా రేంజరు కూర్చుని ఉన్నాడు.

"లేదు సాబ్. ఏం కనబడలే" అన్నాను.

జీపు కెరమెరి వైపు వెళ్లిపోయింది. ఆ రోజూ మరునాడూ అటే వెదికారు. నేను మొండయ్యను తిట్టుకున్నాను. ఇంతమంది పోలీసులు తిరుగుతుంటే కాల్చేది ఇప్పుడేనా? మూడో రోజు ఉండబట్టలేక గూడేనికి వెళ్లాను. మొండయ్య ఇంటి ముందు గంప అల్లుతున్నాడు.

"గా మంట ఆర్పుండ్రి. అమీన్ ఈడనే తిరుగుతుండు."

"ఏం మంట సాబ్? రేంజర్ సాబ్ కేసులు పెడ్తడని నువ్వే చెప్తివి గదా. గీ ఏడు ఒక్క చెట్టు గూడ కొట్టలే."

"మరి గా పొగ?"

"మీ జంగ్లాతోళ్లే కాలవెడ్తున్నరనుకున్నం. గందుకే అటు దిక్కు పోలే."

విమానం సంగతి మొండయ్యకు చెప్పాను. నులక మంచం ఒకటి పట్టుకుని నలుగురం గుట్టెక్కాం.

విమానం రెక్క విరిగి బండల మధ్య పడి ఉంది. తొడ ఎముక విరిగిన పైలట్, కూర్చున్న చోటి నుంచే పచ్చి ఆకులు మంటలోకి తోస్తున్నాడు. రెండో ఆయన మీద కోటు కప్పి ఉంది. నిన్న సాయంత్రం దాకా బతికే ఉన్నాడట.

మంచం ఎత్తుతుంటే పైలట్ హిందీలో అడిగాడు, కింద ఎవరికీ తమ పొగ కనబడలేదా అని.

"కనబడింది సాబ్. నాకు కనబడింది" అన్నాను ఆ భాషలోనే.

సగం గుట్ట దిగాక పైలట్, కోటు కింది మనిషి గురించి చెప్పాడు. కింద జంగ్లాత్ వాళ్లు ఉంటారు, పొగ చూస్తే ఊరుకోరు, తప్పక వస్తారని నిన్నంతా ఆయనే ధైర్యం చెబుతూ వచ్చాడట.

నాకు ఏడుపొచ్చింది. రెండు చేతులూ మంచం కోడు మీద ఉన్నాయి, కళ్లు తుడుచుకోవడానికి కూడా లేకపోయింది.