తోడుకోని పాలు

దుప్పటి తీసి కుండ మూత ఎత్తిన ఫిక్రియా చేయి అక్కడే ఆగిపోయింది. పాలు పోసినవి పోసినట్టే ఉన్నాయి. తోడుకోలేదు సరే, పులవనూ లేదు, విరగనూ లేదు. కుండ వంచి చూస్తే, ఎవరో రెప్ప వేయకుండా తనవైపే చూస్తున్నట్టు నిండుగా, నింపాదిగా కదిలాయి. ఈ వారమంతా ఇదే వరస. ఆమెకు భయం వేసింది.

"మళ్ళీ చంపావా?" అంది వెనక నుంచి అత్తగారు తహానీ. "నీది చచ్చిన చెయ్యే పిల్లా. మా అత్త ఇచ్చిన తోడు ఇన్నేళ్ళూ బతికింది. నీ చెయ్యి పడింది, పోయింది."

అంటూనే బట్టలు ఉడికించిన నీళ్ళ బిందె ఎత్తుకుని పెరట్లో తూము దగ్గరికి వెళ్ళి, వంచే ముందు ఆగింది. "దస్తూర్! దస్తూర్ దొరలూ, తప్పుకోండి" అని పలికి అప్పుడు పోసింది. ఇంటి కింద కంటికి కనపడని వాళ్ళు కాపురం ఉంటారు. అనుమతి అడక్కుండా కాగే నీళ్ళు పోస్తే వాళ్ళ పిల్లలు కాలిపోతారు, ఆ ఉసురు ఇంటికి తగులుతుంది. ఆ ఊళ్ళో ఆ మాట అనకుండా వేడినీళ్ళు పారబోసే ఆడది లేదు. ఫిక్రియా కూడా అంటుంది.

తనని మాత్రం ఎవరూ ఎప్పుడూ అడగలేదు. మందుల షాపులో కౌంటర్ దగ్గర నిలబడినంత మాత్రాన మొగుడు రాగిబ్‌కి తాను డాక్టరునే అని నమ్మకం. ఫిక్రియా తుమ్మితే చాలు, "నోరు తెరు. ఇది మింగి లే, రొట్టెలెవరు కాలుస్తారు?" అని యాంటీబయాటిక్ మాత్ర నోట్లో వేస్తాడు. ఆమెకి మూత్రపిండాల్లో చీము పట్టి, నిజంగానే ఆ మందు అవసరమైనప్పుడు, లేచి పొయ్యి దగ్గర నిలబడగానే ఆపేశాడు. "నిలబడ్డావుగా, ఇంకెందుకు? మిగిలినవి ఎవరికైనా పనికొస్తాయి" అని హల్వా డబ్బాలో దాచాడు. జ్వరం తిరగబెట్టింది. మళ్ళీ మింగింది, మళ్ళీ లేచింది, మళ్ళీ రొట్టెలు కాల్చింది. ఒకప్పుడు చిక్కుడుగింజల కూర తింటే గుడగుడలాడి నవ్వించిన కడుపు ఇప్పుడు కిక్కురుమనదు. అద్దెకున్న వాళ్ళు చెప్పకుండా వెళ్ళిపోయిన ఇంట్లో పడుకున్నట్టుంటుంది ఆమెకి.

ఇప్పుడు కూతురు నౌరా వంతు. పిల్లకి వచ్చింది మామూలు జలుబు. డబ్బాలోంచి మాత్రలు నోట్లో పడ్డాయి, వాటి వెనకే విరేచనాలు పట్టుకున్నాయి. ఫిక్రియా ఇంట్లో చెప్పకుండా ఆరోగ్య కేంద్రానికి ఎత్తుకెళ్తే డాక్టరమ్మ మండిపడింది. "జలుబుకి ఈ మందు పనిచెయ్యదమ్మా. పేగుల్లో మనకి మేలు చేసే సూక్ష్మజీవులు కాపురముంటాయి, వాటిని చంపుతుంది. నిజంగా అవసరమై మేం రాసిస్తే చెప్పినన్నాళ్ళూ వాడాలి. ఒకరికి మిగిలినవి ఇంకొకరికి పెట్టమని ఎవరు చెప్పారు మీకు? ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు పట్టు, పెరుగు పెట్టు."

పెరుగు పెడదామంటే అది తోడుకోదు. పిల్ల రోజురోజుకీ తేలికైపోతోంది.

అత్తగారు నమాజుకి కూర్చోగానే ఫిక్రియా గోడ పక్క దిమ్యానా దగ్గర గిన్నెడు పాలు అడిగి తెచ్చింది. అదే చేత్తో, తోడు గిన్నె అడుగున మిగిలిన అదే తోడు వేసింది. మధ్యాహ్నానికి చెంచా నిలబడేంత గట్టిగా తోడుకుంది. ఆమె తన చేతిని తిప్పి తిప్పి చూసుకుంది. అప్పుడు గుర్తొచ్చింది. గేదెకి పొదుగు వాచిందని రాగిబ్ షాపు నుంచి అదే రకం మందు సూదులు తెచ్చి పొడుస్తున్నాడు. ఈ పాలు వాడొచ్చా అని తనడిగితే, "పాలు పారబొయ్యడం పాపం" అంది తహానీ. తోడుని చంపిన ఆ పాలే పొద్దున్న నౌరా కూడా తాగింది.

సాయంత్రం రాగిబ్ వచ్చేసరికి నౌరా ఒక్కసారి దగ్గింది. అతని చేయి హల్వా డబ్బా మీదికి వెళ్ళింది. "నోరు తెరు తల్లీ."

ఫిక్రియా పిల్ల పొట్ట మీద అరచేయి వేసింది. "దస్తూర్ అన్నారా, అబూ నౌరా?" అని పిల్ల తండ్రిని నిలదీసింది.

"ఏంటీ?"

"అడిగారా వాళ్ళని? దీని కడుపులోనూ కనపడని వాళ్ళున్నారు. నా కడుపులోనూ ఉండేవాళ్ళు. చెప్పకుండా పోసేశారు."

"అమ్మా, దీనికేదో సోకింది!" అంటూ నవ్వబోయాడు రాగిబ్.

తహానీ నవ్వలేదు. కోడలు తెచ్చి పెట్టిన రెండు కుండల్నీ చూస్తోంది. "అది దిమ్యానా పాలు హాజ్జా, ఇది మన గేదె పాలు. తోడొకటే, చెయ్యొకటే" అంది ఫిక్రియా అత్తగారితో. ముసలావిడ పెరుగులో వేలు ముంచి నాలుక్కి రాసుకుంది. రెండో కుండలో తెల్లగా నిలిచిన పాలలోకి వంగి చూసి, ఒక్కడుగు వెనక్కి వేసింది.

"ఇకనుంచి నా కడుపులోకైనా, దీని కడుపులోకైనా ఏది వెయ్యాలన్నా నన్నడగాలి" అని ఫిక్రియా మొగుడి చేతిలోంచి డబ్బా తీసుకుని చంకన పెట్టుకుంది. రేపు డాక్టరమ్మకి అప్పజెప్పాలి. రెండో చేత్తో పాలకుండ పట్టుకుని తూము దగ్గరికి వెళ్ళింది. పాపమన్న మాట ఎవరి నోటా రాలేదు.

పాలు చల్లగానే ఉన్నాయి. అయినా వంచే ముందు ఆగింది.

"దస్తూర్" అంది. "తప్పుకోండమ్మా. పిల్లల్ని ఎత్తుకుని తప్పుకోండి."