పేజీ అడుగున చిన్నక్షరాలు

దేవుడి పుస్తకం పైకి చదివేటప్పుడు ఒక మాట మింగేస్తే పాపమా, కాదా? ఈ అనుమానం నాకు తొమ్మిదేళ్ళుగా ఉంది. ఎవరినీ అడగలేదు. అడిగితే ముందు ‘ఏ మాట మింగావు?’ అంటారు. ఆ తర్వాత ‘మింగి ఊరుకున్నావా, దాని చోట ఇంకో మాట పెట్టావా?’ అంటారు. పెట్టాను. అందుకే రోజూ దేవుడి ముందు నిలబడి దండం పెట్టుకునేటప్పుడు కూడా ఆ సంగతి వచ్చేసరికి కళ్ళు దించుకుని, పిల్లాపెద్దా చల్లగా ఉండాలని చెప్పి వచ్చేస్తాను.

మా అత్తగారికి చూపు పోయి తొమ్మిదేళ్ళు. చేతిలో పని లేకుండా ఆవిడ కూర్చోవడం అప్పుడే మొదటిసారి చూశాను. ఒకరోజు అలమార వైపు మొహం తిప్పి, “నలభై ఏళ్ళు ఆ పెద్దపుస్తకానికి దుమ్ము దులిపాను అమ్మాయ్. మీ మామగారు గుడ్లప్పగించి లోపల్లోపల చదువుకునేవారు. అందులో ఏముందో నాకు ముక్క తెలీదు. కాస్త చదివి వినిపించు,” అంది. ఆ రోజు నుంచి సాయంత్రం నాలుగింటికి ముందుగది కిటికీ పక్కన ఆవిడ కుర్చీ, ఎదురుగా నా స్టూలు. పుస్తకంలో పద్యాలూ కథలూ పెద్దక్షరాల్లో ఉంటాయి. పేజీ అడుగున, వాటికి ఎవరో పెద్దలు రాసిన వివరణ చిన్నక్షరాల్లో ఉంటుంది. నాలుగేళ్ళ క్రితం మా ఆయనకి ఆఫీసులో ఇ-రీడర్ ఇచ్చారు. ఆయన రెండు రోజులు చూసి పక్కన పడేస్తే, అందులో అదే పుస్తకం వేయించుకుని దాంట్లోంచి చదవడం మొదలుపెట్టాను. అత్తగారు దాన్ని పలక అంటుంది.

పొద్దున్నపూట నేను ఒక బట్టల కొట్టు వెనక గదిలో పని చేస్తాను. కొన్న ప్యాంట్లు పొడుగైతే మడిచి కుట్టడం, నడుము బిగువైతే వదులు చేయడం. ఎవరి ఒంటికి సరిపడేట్టు వాళ్ళకి చేసివ్వాలి. పుస్తకం చదివేటప్పుడు కూడా నా నోరు అదే పని చేసిందేమోనని ఒక్కోసారి అనిపిస్తుంది.

ఆదివారం నేను చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తుంటే మా ఆయన ఇ-రీడర్ పట్టుకుని వచ్చాడు. “ఇదిగో, ఇలా రా. తమాషా చూపిస్తా. అప్‌డేట్ వచ్చింది దీనికి.” చూపించాడు. అక్షరాలు ఉసిరికాయంత చేసుకోవచ్చు. వరుసల మధ్య ఎడం పెంచుకోవచ్చు. వెనక రంగు నల్లగా, అక్షరం తెల్లగా మార్చుకోవచ్చు. చదివే వరుస ఒక్కటే వెలిగి, మిగతావి మసకబారతాయి. తర్వాత తెర మీద రెండుసార్లు తట్టాడు. ఒక ఆడగొంతు లేచింది. “మొదటి అధ్యాయం. ఈ అధ్యాయం ముగియడానికి ముప్పై ఎనిమిది నిమిషాలు.”

“ఎవర్రా ఈ పిల్ల?” అంది అత్తగారు కుర్చీలో ముందుకు జరిగి.

“పిల్ల కాదమ్మా, మిషను. నీకు ఎప్పుడు కావాలంటే అప్పుడు చదువుతుంది. ఇక్కడ ఒక్కసారి తడితే ఆగుతుంది, ఎడంపక్క తడితే వెనక్కి వెళ్తుంది. నీ వేలు ఇలా తే.”

“ఊపిరి పీల్చుకోదేమిట్రా? మధ్యలో పోదు కదా పాపం?”

ముగ్గురం నవ్వాం. నా నవ్వు నాకే వేరేగా వినపడింది. మా ఆయన నా వైపు తిరిగి, “నీకు రోజుకో గంట మిగిల్చాను. ఆ గంటలో పై అలమార సర్దెయ్, ఎన్నాళ్ళ నుంచో చెబుతున్నా,” అన్నాడు. ఇంకా ఆనందం ఆగక, “తొమ్మిదేళ్ళు నువ్వు చేసిన పని, చూశావా, ఊరికే వచ్చిన అప్‌డేట్‌తో అయిపోయింది,” అన్నాడు. అది ఊరికే వచ్చిన మాట నిజమే. నేను చదివింది మాత్రం ఊరికే కాదా, అని అడుగుదామనుకున్నాను. కానీ నా చెవి మిషను వైపే పోయింది. ఆ గొంతు ఆగకుండా చదువుకుంటూ పోతోంది. ఒక్క మాట వదలడం లేదు. ఒక్క మాట కలపడం లేదు. పెద్దక్షరాలు అయ్యాక, గొంతు మార్చకుండా చిన్నక్షరాలు కూడా చదువుతోంది. పుస్తకంలో పద్నాలుగు అధ్యాయాలు. నా భయం తొమ్మిదో అధ్యాయంలో ఉంది.

సోమవారం వర్తకుడి భార్య కథ వచ్చింది. పన్నెండేళ్ళు పరదేశం తిరిగి వచ్చిన భర్త కాళ్ళ మీద ఆవిడ పడుతుంది, కన్నీళ్ళతో పాదాలు కడుగుతుంది. పుస్తకంలో అంతే. నేను చదివేటప్పుడు ఆవిడ లేచి నిలబడి, “ఈ పన్నెండేళ్ళూ నేనేం తిని బతికానో అడగరా?” అనేది. అత్తగారు ప్రతిసారీ మోకాలి మీద చరుచుకుని, “అడిగింది చూడు మొనగత్తె!” అని నవ్వేది. మిషను పాదాలు కడిగించి తర్వాతి పేజీకి వెళ్ళిపోయింది. వంటింట్లోంచి వింటున్నాను. నవ్వు వినపడలేదు.

రాత్రి అన్నాల దగ్గర, “ఒరే, ఆ పిల్ల ఒక మాట మింగేసిందిరా,” అంది అత్తగారు.

“మిషను మింగదమ్మా. మనుషులే మింగుతారు,” అన్నాడు మా ఆయన, కూర కలుపుకుంటూ. నా వైపు చూడలేదు. చూసి ఉంటే దొరికిపోయేదాన్ని. నీళ్ళు తాగే నెపంతో లేచిపోయాను.

మంగళవారం కొట్టులో ఒక ప్యాంటు నాలుగు వేళ్ళు ఎక్కువ కత్తిరించేశాను. కొట్టాయన అందరిముందూ దాన్ని జెండాలా ఎత్తి పట్టుకున్నాడు. “చీటీ మీద కొలత రాసిచ్చాను కదమ్మా. ఉన్నది ఉన్నట్టు చదవడం కూడా రాదా?” పక్కన కుట్టే ఇద్దరూ తలలు వంచుకున్నారు. నాకు ఆ ప్యాంటు సంగతి తట్టనే లేదు. ఈయనకి ఎలా తెలిసింది అనుకున్నాను. భయం అంత పిచ్చిది.

ఆ తొమ్మిదో అధ్యాయం సంగతి చెప్పాలి. అందులో ఒక తల్లి బిడ్డని పోగొట్టుకుంటుంది. అడుగున చిన్నక్షరాల్లో ఇలా ఉంది: ‘బిడ్డను పోగొట్టుకొన్న తల్లి తన నడవడిలోని లోపమును తాను వెదకుకొనవలెను.’ మొదటిసారి ఆ వరుస నా కంటబడినప్పుడు ఎదురుగా అత్తగారు కూర్చుని ఉంది. ఆవిడకి మా ఆయన కంటే ముందు ఒక ఆడపిల్ల. పదకొండు నెలల పిల్ల. ఈవిడ మిల్లులో పనికి వెళ్ళిన పూట జ్వరం తలకెక్కి ఆ పిల్ల చనిపోయింది. ‘ఆ పూట వెళ్ళకపోతే’ అని ఆవిడ అప్పటికి నలభై ఏళ్ళ నుంచి అంటోంది. ఒక్కోసారి కందిపప్పు ఏరుతూ అంటుంది, ఒక్కోసారి నిద్రలో అంటుంది. ఆవిడకి ఇంకా చూపున్న రోజుల్లో నాకూ ఒకటి నిలవలేదు. అయిదో నెల. ఆ వారమంతా నేను వెనకగదిలో మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంటే, ముందుగదిలో అత్తగారు ఫోనులో ఎవరితోనో, “ఏదో లోపం ఉండబట్టేగా,” అనడం విన్నాను. ఆ తర్వాత ఈ ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. వారం తిరగ్గానే ఇంత ఉప్మా చేసి పెట్టమన్నారు, చేశాను.

లోపం అనే ఆ మాట పుస్తకంలో కనబడేసరికి నా నోరు ఆగింది. “చదవవేం?” అంది అత్తగారు. నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: “బిడ్డను పోగొట్టుకున్న తల్లిని దేవుడు ఒక్క ప్రశ్న కూడా అడగడు.”

ఆవిడ కొంగు సర్దుకుని నిటారుగా కూర్చుంది. “మళ్ళీ చదువు,” అంది. మళ్ళీ అన్నాను. ఆ సాయంత్రం ఆవిడ కుర్చీలోనే నిద్రపోయింది. ‘ఆ పూట వెళ్ళకపోతే’ అనే మాట నేను తర్వాత వినలేదు. పుస్తకం ఎన్నిసార్లు తిరగేసినా అక్కడికి వచ్చేసరికి ఆవిడ కొంగు సర్దుకుని, నిటారుగా కూర్చుని, రెండుసార్లు చదివించుకుంటుంది. దేవుడి మాట అనుకుని వింటుంది. నేను కుట్టింది అని తెలీదు.

బుధవారం మధ్యాహ్నం ఆవిడ కునుకు తీస్తుంటే ఇ-రీడర్ తీసుకుని గుమ్మం చాటుకి వెళ్ళాను. అప్‌డేట్‌లో వచ్చిన మీటలన్నీ ఒక్కొక్కటే చదివాను. వేగం. గొంతు. విరామం. చివర్లో ఒకటి: ‘అడుగు వివరణలు చదవవద్దు.’ అది నొక్కాను. తప్పించావు తండ్రీ అనుకున్నాను. లోపం మాట ఇక ఆవిడ చెవిన పడదు. కాఫీ పెట్టుకుని రెండు గుక్కలు తాగాక తెలిసింది నా తెలివి. ఆ మాట రాకుండా ఆపగలిగాను గానీ, నా మాట మిషను చేత ఎలా చెప్పించను? ఆవిడ ఆ మాట కోసం కాచుకుని కూర్చుంటుంది. రాదు. అప్పుడేమవుతుంది? ‘మీ అబ్బాయి తెచ్చిన మిషను మింగేసింది’ అనొచ్చు. ఆ ఒక్క అబద్ధంతో బయటపడొచ్చు. కానీ ఆయన వచ్చి మీట మార్చి పేజీ మొత్తం చదివిస్తాడు. చదివించి, నా వైపు తిరిగి అంటాడు, కళ్ళు లేని మనిషిని ఇన్నేళ్ళు మోసం చేశావా అని. నిజంగా అది మోసమేనా? దేవుడు చెప్పింది ఎంత, అడుగున ఆ పెద్దలు చెప్పింది ఎంత? వాళ్ళు రాస్తే లేని తప్పు నేను చెబితే వచ్చిందా? ఇలా అనుకుంటాను. వెంటనే లెంపలు వేసుకుంటాను.

గురువారం నాలుగయింది. “తొమ్మిదో అధ్యాయం. ముగియడానికి ఇరవై ఆరు నిమిషాలు.” వంటింట్లో గిన్నెలు తోముతూ గడియారం వైపే చూస్తున్నాను. తోమిన గిన్నెనే మళ్ళీ తోముతున్నాను. ఆ తల్లి కథ మొదలైంది. బిడ్డకి ఒళ్ళు కాలడం, వైద్యుడు రావడం. ముందుగదిలో కుర్చీ కిర్రుమంది. ఆవిడ నిటారుగా కూర్చుందన్నమాట. కథ అయింది. మిషను ఒక్క క్షణం ఆగి, తర్వాతి కథ ఎత్తుకుంది.

ఎడంపక్క తట్టిన చప్పుడు, మిషను గొంతు: “ఒక పేజీ వెనక్కి.” మళ్ళీ చదివింది. మళ్ళీ దాటిపోయింది. “ఒక పేజీ వెనక్కి.” మూడోసారి కూడా అయ్యాక గొంతు ఆగిపోయింది. కుళాయి కట్టేశాను.

“అమ్మాయ్.”

వెళ్ళి స్టూలు పక్కన నిలబడ్డాను. కూర్చోలేదు.

“అది చెప్పడం లేదు,” అంది. ఆవిడ చెయ్యి ఇ-రీడర్ ఎడంపక్కని ఇంకా తడుముతోంది. “దేవుడు అడగడు అన్న మాట. ఎంత వెనక్కి వెళ్ళినా రావడం లేదు. నా వేలు సరిగ్గా పడటం లేదా?”

వేలు సరిగ్గా పడటం లేదు అత్తయ్యా అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంత తేలిక. నలభై ఏళ్ళు అన్నీ తన తప్పే అనుకున్న మనిషి, ఇది కూడా తన వేలి తప్పే అనుకుంటోంది. ఆ చెయ్యి చూస్తే నాకు దేవుడి భయం, మొగుడి భయం రెండూ వెనకబడ్డాయి.

“మీ వేలు సరిగ్గానే పడుతోంది అత్తయ్యా. ఆ మాట పుస్తకంలో లేదు.”

“లేదా?”

“లేదు. నేను చెప్పాను.”

కిటికీ బయట ఎవరో సైకిలు స్టాండు వేసిన చప్పుడు. ఆవిడ మొహం నా గొంతు వైపు తిప్పింది. “వర్తకుడి పెళ్ళాం అడగడం?”

“అదీ నేనే.”

“మరి పుస్తకంలో ఏముంది? ఆ తల్లి దగ్గర.”

“వద్దత్తయ్యా.”

“చదువు.”

అడుగు వివరణ తెర మీదికి తెచ్చాను. మిషను చేత చదివించకుండా నా నోటితోనే చదివాను. ఒక్క అక్షరం మార్చలేదు. లోపము అన్న మాట కూడా మింగలేదు.

“ఎవరు రాశారు?”

“ఎవరో పెద్దాయన.”

“ఒక్కణ్ణయినా కన్నాడా ఆయన?” అంది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి, రెండూ మింగేశాను. ఆవిడే మళ్ళీ, “నీకెవరు చెప్పారు మరి, దేవుడు అడగడని?”

“ఎవరూ చెప్పలేదు. ఎవరైనా చెబుతారేమోనని చాలా రోజులు చూశాను.”

అక్కడ నిలబడలేకపోయాను. వెనకగదికి వచ్చి మంచం మీద కూర్చున్నాను. మా ఆయన వచ్చే వేళ అవుతోంది. ఆవిడ ఏం చెబుతుంది? మొదటి మాట ఏమని మొదలుపెడుతుంది? నా చెవులు వీధి తలుపు మీదే ఉన్నాయి. వినిపించింది మాత్రం కుర్చీ జరిగిన చప్పుడు. తర్వాత గోడ వెంబడి అరచెయ్యి రాసుకుంటూ వస్తున్న చప్పుడు. చూపు పోయాక ఆవిడ వెనకగదిలోకి ఎప్పుడూ రాలేదు. వంటింటి మలుపు దగ్గర ఆగింది. గుమ్మం దగ్గర ఇంకా ఎక్కువసేపు ఆగింది.

“నువ్వు ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు ఇదే గుమ్మం దాకా వచ్చాను,” అంది. “నీ వీపు కనబడింది. లోపలికి వస్తే నువ్వు ఏడుస్తావు, నువ్వు ఏడిస్తే నా పిల్ల గుర్తొస్తుంది. అందుకని వెళ్ళిపోయి, ఫోనులో ఆ పాడు మాట అన్నాను. నువ్వు విన్నావని కూడా తెలుసు నాకు. వచ్చి కూర్చోవలసిన దాన్ని. అప్పటి నుంచీ నీకు బాకీ.”

చెయ్యి ముందుకు చాపి గాలిలో వెతికింది. మోకాలు మంచం పట్టెకి తగిలింది.

“జరుగు,” అంది.

జరిగాను. ఆవిడ కూర్చుంది.